మా నాయనమ్మ ఏ ఏడు పుట్టిందో ఎలా తేల్చాలి? (దివిసీమ మనిషి, ఉప్పెన చూసింది)

దివి మనవరాలు:

అందరికీ నమస్కారం. పోయిన మంగళవారం తెల్లవారుజామున మా నాయనమ్మ పోయింది. పెద్దకర్మ కార్డు శుక్రవారం సాయంత్రంలోగా ప్రెస్సుకి ఇవ్వాలి. ఫోటో కింద "జననం" అని ఒక గీత, "మరణం" అని ఒక గీత. రెండోది నింపేశాం. మొదటిదాని దగ్గరే ఇంట్లో గొడవ.

ఆధార్ కార్డులో 01-01-1945 అని ఉంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. రోజూ కేవైసీ కాగితాలు చూసేదాన్ని కాబట్టి చెప్తున్నా, జనవరి ఒకటిన పుట్టిన పెద్దవాళ్ళు మా కౌంటర్ ముందు వరసగా నిలబడతారు. తేదీ తెలియనివాళ్ళకి అదే పడుతుంది. నమోదు చేయడానికి వచ్చిన కుర్రాడు "ఎన్నేళ్ళు మామ్మా" అనడిగితే "నువ్వే చూసి వేసుకో నాయనా" అందట. అతను ఎగాదిగా చూసి అరవై అయిదు వేసుకున్నాడు. బాబాయి అదే అచ్చు వేయిద్దాం అంటాడు. నాన్న ససేమిరా అంటాడు. ఎందుకంటే నాన్న పుట్టింది 1957లో. ఆ లెక్కన నాయనమ్మ పన్నెండేళ్ళకే తల్లయిందన్నమాట!

నాయనమ్మ బడికి పోలేదు. ఆవిడకి సంవత్సరాలు అంకెల్లో ఉండేవి కావు, గేదెల్లో ఉండేవి. "బొల్లిది తొలిచూలు ఈనిన ఏడు", "వంకరకొమ్ముది కాలవలో పడి పోయిన ఏడు" అని. ఆ గేదెలేవో, ఎప్పుడివో ఇప్పుడు చెప్పగలిగే మనిషి లేదు. నాకు గుర్తున్నవీ, నాన్న చెప్పినవీ రాస్తున్నాను. వీటితో ఏమైనా తేల్చగలరేమో చూడండి.

పుట్టిల్లు ఏరు అవతల, రేపల్లె వైపు. "బెజవాడ ఆనకట్ట తెగిన ఏడు పెద్దమనిషినయ్యా" అనేది. పెళ్ళి చేసుకుని పడవ మీద ఇటు వచ్చింది. వచ్చిన రెండేళ్ళకి నాన్న.

నాన్న కడుపులో ఉండగానే నయాపైసలు వచ్చాయట. ఈ కథ మాత్రం మా ఇంట్లో ప్రతి పిల్లకీ కంఠతా వచ్చు. కొత్త డబ్బులొచ్చాక అణాకి ఆరు నయాపైసలు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, నాలుగణాలకి పాతిక. పాలు పోయించుకునే ఇంటావిడ రోజుకో అణా చొప్పున ఆరేసి పైసలు చేతిలో పెడుతుంటే, మూడో రోజుకి మా నాయనమ్మకి తేడా తట్టింది. మూడుసార్లు ఆరు పద్దెనిమిదే కదా, పంతొమ్మిదోది ఏది అని. అప్పట్నుంచి ఎవరి దగ్గరా రోజువారీ తీసుకోలేదు. నాలుగు రోజులు ఆగి, పాతిక బిళ్ళే తీసుకునేది. వేలిముద్ర వేసే మనిషి!

ఉప్పెన నాటికి "నాకింకా నలభై పడలా" అనేది.

ఆఖరిది, "నేను ధాన్యం ఏడు పుట్టా, మా అమ్మ కుప్ప నూర్పిళ్ళ దగ్గరే నొప్పులు పడింది". ఆ ఏడు పంట బాగా పండిందేమో అనుకునేవాళ్ళం. పంట బాగా పండిన ఏడు ఏదో ఎలా తెలుస్తుంది?

ఇంకో విషయం. ఫోటో కింద రెండు వాక్యాలు రాయమన్నారు. బాబాయి "ప్రేమానురాగాల పెన్నిధి, త్యాగమయి" అని రాసుకొచ్చాడు. ఆ మాటలు నాయనమ్మ వింటే చేతి పేడ కడుక్కుంటూ "ఎవర్రా ఆవిడ?" అనేది. ఆవిడ మాకు ముద్దులు పెట్టి ఎరగదు. తెల్లవారుజామున మూడున్నరకి లేచేది. అయిదు గేదెల్ని ఒక్కతే పితికేది. ఇంకెవరైనా చెయ్యి వేస్తే చేపేవి కావు. బొటనవేలు మడిచి పితికే అలవాటు, అందుకని ఆ కణుపు మీద చింతగింజంత కాయ. చిన్నప్పుడు పక్కలో పడుకుంటే నేను ఆ కాయని నిమురుతూ నిద్రపోయేదాన్ని. చివరి వారం ఆసుపత్రిలో స్పృహ లేదు, వేళ్ళు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండేవి. నర్సు ఫిట్సేమోనని కంగారుపడి డాక్టరు కోసం పరిగెత్తబోతే నాన్న ఆపాడు. "కాదమ్మా, పాలు తీస్తోంది" అన్నాడు.

ఇదంతా రెండు వాక్యాల్లో ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. ముందు ఏడు తేల్చండి చాలు.

రెవెన్యూ రిటైర్డ్:

అమ్మా, మీ నాయనమ్మగారి ఆత్మకి శాంతి కలగాలి. ముప్పై ఏళ్ళు రెవెన్యూలో చేశాను గనుక రికార్డు సంగతి చెప్తాను.

పూర్వం జనన మరణాల రిజిస్టరు గ్రామ మునసబు దగ్గర ఉండేది. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి, మరుసటేడు మండలాలొచ్చాయి. ఆ చేతులు మారడంలో కాగితాలు కొన్ని చేరాయి, కొన్ని చెదలు తిన్నాయి. మీరు వెతికితే అవనిగడ్డ వైపు వెతక్కండి. ఆవిడ పుట్టింది అవతల ఒడ్డున కాబట్టి పాత రేపల్లె తాలూకా కింద చూడాలి. అందరూ చేసే పొరపాటు ఇదే, కాపురం చేసిన ఊళ్ళో వెతుకుతారు.

ఇంకో చిక్కు. ఆ రిజిస్టర్లలో చాలా చోట్ల బిడ్డ పేరు ఉండదు, అప్పటికి పెట్టి ఉండరు గనుక. తండ్రి పేరు, మగా ఆడా, తేదీ, అంతే. కాబట్టి ముత్తాతగారి పేరు, ఆవిడ ఎన్నో సంతానం, ఈ రెండూ తెలిస్తేనే పని జరుగుతుంది. శుక్రవారంలోగా జరిగే పని కాదు. తీరిగ్గా చూసుకోండి.

ఆనకట్ట మాటకొస్తే, బెజవాడ పాత ఆనకట్టకి గండి పడింది 1952లో. అది తెగబట్టే ఇప్పటి బ్యారేజీ కట్టారు, 1957కి పూర్తయింది. పదమూడు పద్నాలుగేళ్ళకి పెద్దమనిషి అయిందనుకుంటే ఆవిడ పుట్టింది 1938, 39 ప్రాంతం. పన్నెండేళ్ళకే అయిందంటే 1940. 1945 మాత్రం ఏ లెక్కకీ రాదు. మీ నాన్నగారిదే రైటు.

సూటిగా:

ఎవరూ చెప్పని మాట నేను చెప్తాను, ఏమీ అనుకోకండి. కార్డు మీద ఏం వేసుకున్నా ఎవరూ అడగరు. మరణ ధ్రువీకరణ పత్రంలో మాత్రం ఆధార్‌లో ఉన్న వయసే రానివ్వండి. దాని మీదే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పొలం పేర్ల మార్పు, బ్యాంకు నామినీ పనులు నడుస్తాయి. ఒకచోట 80, ఇంకోచోట 86 అని పడిందా, ఇద్దరూ ఒకే మనిషని అఫిడవిట్లు రాయించుకుంటూ తిరగాలి. మా అమ్మ విషయంలో ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకి పద్నాలుగు నెలలు తిరిగాను.

బ్యాంకులో పనిచేస్తున్నానన్నారు, ఇది మీకు నేను చెప్పాల్సింది కాదు.

దివి మనవరాలు:

@రెవెన్యూ రిటైర్డ్ చాలా థాంక్స్ అండీ. రేపల్లె వైపు అన్న ఆలోచనే రాలేదు. ముత్తాత పేరు తెలుసు. నాయనమ్మ నాలుగో సంతానం, ముందు ఇద్దరు పోయారట.

@సూటిగా మీరన్నది నిజమే. పత్రం జోలికి వెళ్ళం. కానీ అందరూ ఏడుస్తున్న ఇంట్లో ఆ మాట ఎవరో ఒకరు అనాలి కదా, మీరు అన్నారు.

పంచాంగం తాతయ్య:

మనవరాలా, నీ సమాధానం నీ ప్రశ్నలోనే ఉంది.

"ధాన్యం ఏడు" అంటే పంట పండిన ఏడు కాదు తల్లీ. బహుధాన్య. ప్రభవ, విభవ లెక్కలో పన్నెండోది బహుధాన్య నామ సంవత్సరం. చదువు లేనివాళ్ళు పొడుగు పేరు పలకలేక తమకి అర్థమైన ముక్క పట్టుకునేవాళ్ళు. మా అత్తగారు "దుర్ముఖి" అనలేక "ముఖి ఏడు" అనేది.

అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. మొన్నటి బహుధాన్య 1998లో వచ్చింది. దానికి ముందుది 1938 ఉగాది నుంచి 1939 ఉగాది దాకా. ఇంకా ముందుది 1878, అది మీ నాయనమ్మకి ఎలాగూ కాదు. రెవెన్యూ ఆయన ఆనకట్ట పెట్టి కట్టిన లెక్కకి అతికిందా లేదా? నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ ఒకటిన, అప్పటికి ఆవిడకి పద్దెనిమిది. ఉప్పెన 1977 నవంబర్ 19న, పింగళ నామ సంవత్సరం కార్తీకం, అప్పటికి ముప్పై ఎనిమిదో ముప్పై తొమ్మిదో. నలభై పడలా అంది కదా!

ఇలాంటి లెక్కలు ఇంకెవరైనా వేసుకుంటుంటే ఒక మాట. పుష్కరాలు పట్టుకుని వెనక్కి పన్నెండేసి తీసేయకండి. గురువు రాశిచక్రం ఒక చుట్టు తిరగడానికి పన్నెండేళ్ళకి నెలన్నర పైచిలుకు తక్కువ పడుతుంది. నాలుగైదు పుష్కరాలు వెనక్కి వెళ్ళేసరికి ఒక ఏడు అటూ ఇటూ అవుతుంది. సంవత్సరం పేరు దొరికితే అంతకంటే గట్టి ఆధారం లేదు.

దివి మనవరాలు:

తాతగారూ, ఇది చదివి నాన్నకి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. "అరవై ఎనిమిదేళ్ళు నేను కూడా పంట అనుకున్నానే" అన్నాడు.

లంకవాసి:

మాది నాగాయలంక దగ్గర. ఉప్పెనకి నాకు తొమ్మిదేళ్ళు. ఆ శనివారం ఎవరు మర్చిపోతారు. మీ నాయనమ్మగారు అప్పుడు ఎక్కడున్నారు? ఎలా బయటపడ్డారు? వీలైతే రాయండమ్మా. చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు.

దివి మనవరాలు:

నాగాయలంకకీ కోడూరుకీ మధ్య లోపలికి ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను, రాస్తే మా ఇల్లు తెలిసిపోతుంది.

నాయనమ్మ ఆ రోజు గురించి అడిగితే చెప్పేది కాదు. వానాకాలంలో, కరెంటు పోయినప్పుడు, తనంతట తానే ఒక ముక్క చెప్పేది. నేను విన్న ముక్కలు ఇవి.

పొద్దుట్నుంచీ గాలి. తాత ఊళ్ళో లేడు, పనిమీద బందరు వెళ్ళాడు. ఇంట్లో మా నాన్న, బాబాయి, పదేళ్ళ అత్త. ఇల్లు తాటాకుది. సాయంత్రమయ్యేసరికి ఊళ్ళో ఒక్కటే డాబా, దాని మీదకి అందరూ చేరుతున్నారు. నాన్నని చెల్లెల్ని ఎత్తుకుని వెళ్ళమంది. తను మాత్రం కొట్టం వైపు పోయింది. నాన్న అరుస్తున్నాడు, ఆవిడ వినలేదు. నాలుగు గేదెలు, నాలుగు పలుపులు. తడిసిన పలుపు ముడి ఊడదు, బిగుసుకుపోతుంది. రెండు ముళ్ళు పళ్ళతో విప్పింది. మిగతావి కొడవలితో కోసింది. "విప్పితే ఈదుకుంటుంది, కట్టేస్తే గుంజ దగ్గరే చస్తుంది" అనేది, ఇంకేమీ అనేది కాదు. డాబా మెట్లు ఎక్కుతుండగా వెనక నీళ్ళొచ్చాయి. అది వాన నీరు కాదని నోట్లో పడ్డాకే తెలిసిందట, ఉప్పగా.

తెల్లారి దిగితే ఇల్లు ఉన్నచోట కవ్వం గుంజ ఒక్కటే నిలబడి ఉంది. మూడో రోజున ఒక గేదె తిరిగొచ్చింది, ఒంటి నిండా ముళ్ళు, పొదుగు గట్టిపడిపోయి. నాయనమ్మ దాని దగ్గర కూర్చుని ఆ చెడిపోయిన పాలు గంటసేపు నేల మీదకి పిండింది. చుట్టూ శవాలు. ఆవిడని చూసి కొంతమంది మతి పోయిందనుకున్నారట. పిండకపోతే పొదుగు పోతుంది, పొదుగు పోతే ముగ్గురు పిల్లలకి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ లెక్క ఆవిడ ఒక్కదానికే తోచింది.

పొలం ఉప్పు తేలింది. అందులో మళ్ళీ గింజ పండేదాకా మా ఇల్లు నడిచింది ఆ ఒక్క గేదె మీద, నాయనమ్మ మట్టి పని కూలి మీద. ఇది నాన్న చెప్పింది. ఆవిడ చెప్పలేదు.

ఆ కవ్వం గుంజ ఇప్పటికీ ఉంది. కొత్త ఇల్లు కట్టినప్పుడు బాబాయి తీసేద్దామంటే ఒప్పుకోలేదు, వంటింటి వెనక వరండాలో పాతించింది. తాడు రాసి రాసి నడుం ఎత్తులో ఒక గాడి పడింది. నా చూపుడువేలు అడ్డంగా పెడితే సగం మునుగుతుంది. తెల్లారి లేచేసరికి ఆ చప్పుడే వినపడేది మాకు. మిక్సీలో చిలకొచ్చని నేర్పించినా వెన్న వేడెక్కుతుందని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడంలో మా నాయనమ్మని మించినవాళ్ళు లేరు, అదీ రాయాలి. అమ్మకి ముప్పై ఏళ్ళు కొట్టం తాళం ఇవ్వలేదు. అమ్మ ఆ కోపం ఇంకా దింపుకోలేదు, నిన్న కూడా అందరి ముందూ అంది. అని, ఆ తాళంచెవి తన కొంగుకి కట్టుకుంది.

లంకవాసి:

చదివాను. మాకు రెండు ఎడ్లుండేవి. మా నాన్న విప్పలేదు, పారిపోతాయని. ఇంకేం రాయలేను.

పంచాంగం తాతయ్య:

మనవరాలా, రాత్రి ఇంకోసారి చూస్తే ఒక సంగతి తట్టింది. కుప్ప నూర్పిళ్ళ దగ్గర నొప్పులు పడింది అన్నావు కదా. డెల్టాలో సార్వా కోతలు కార్తీక మార్గశిరాల్లో, కుప్ప వేసి నూర్చేది పుష్యంలో, సంక్రాంతి అటూ ఇటూ. బహుధాన్య పుష్యమాసం 1938 డిసెంబర్ ఆఖరి వారం నుంచి 1939 జనవరి మూడో వారం దాకా.

అంటే ఆ కార్డు వేసిన కుర్రాడు తెలియకుండానే నెల దగ్గరగా వేశాడు. జనవరి ఒకటి తప్పు కాకపోనూవచ్చు. సంవత్సరం ఒక్కటే ఆరేళ్ళు జారింది.

సూటిగా:

బాగుంది. అయినా పత్రం జోలికి వెళ్ళొద్దు.

దివి మనవరాలు:

కార్డు ఇచ్చేశాం. "జననం: బహుధాన్య నామ సంవత్సరం, పుష్యమాసం (1938–39)" అని వేయించాం. ప్రెస్సు అతను తేదీ లేకపోతే బాగోదన్నాడు, నాన్న అతని వైపు చూశాడు, అతను ఇంకేం మాట్లాడకుండా కంపోజ్ చేశాడు.

రెండు వాక్యాల దగ్గర అందరం ఓడిపోయాం. "త్యాగమయి" తీసేశాం. చివరికి అత్త చెప్పింది రాశాం: "ఉప్పెనలో నాలుగు గేదెల పలుపులు విప్పి, తర్వాత మెట్లెక్కింది. ఎనభై మూడేళ్ళ వరకూ పాలు తనే పితికింది." చదివినవాళ్ళు ఇదేం కార్డు అనుకుంటారని బాబాయికి టెన్షన్. అనుకోనీ.

రేపల్లె వైపు సంక్రాంతి సెలవుల్లో వెళ్తాను. రెవెన్యూ అంకుల్, అక్కడ ఎవరిని కలవాలో మీకు మెసేజ్ చేస్తాను.

ఇంకో సాయం కావాలి. ఈ లెక్కంతా విన్నాక నిన్న రాత్రి బాబాయి నెమ్మదిగా నా పక్కన కూర్చుని, "మరి నాది?" అన్నాడు. స్కూలు సర్టిఫికెట్లో జులై 1, 1962 అని ఉంది, బడిలో వేసుకున్నప్పుడు పంతులుగారు అందరికీ వేసినట్టే వేసి ఉంటారు. నాయనమ్మ చెప్పిన ఆధారం ఒక్కటే ఉంది. బొల్లి గేదె తొలిచూలు ఈనిన ఏడు, దీపావళికి ముందు. తాతగారూ, దీనికి ఏమైనా చేయగలరా?